మారుడికి నీళ్ళు

1956 ఏప్రిల్ 2, ధర్మవరం

బాలప్ప మాష్టారు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. లేకుంటే నాకెందుకీ పీడ? మగ్గం మీద కొంగు సగంలో ఆగి ఉంది.

మే నెల పున్నమికి బుద్ధజయంతి. ముదిగుబ్బలో నాటకం ఆడాలి. రాసింది మాష్టారే, ఆడించేదీ ఆయనే. వేషం కట్టేవాళ్ళందరూ అప్పటిదాకా మనసులోకి ఏమేం వచ్చిపోతున్నాయో కాగితం మీద పెట్టుకోవాలట. ఎవరికీ చూపనక్కర్లేదట. "నిన్ను నువ్వు ఎరగని మనిషిని చూసినట్టు చూసి రాయి ఓబుళేసన్నా" అన్నాడు. కింద, ఆ రోజు ఇంకొకరి చేతినుంచి మనకేం అందిందో ఒక్కటైనా రాయాలట. హైస్కూల్లో తెలుగు చెప్పే మనిషి గదా, పిల్లలకిచ్చినట్టే మాకూ ఇంటిపని ఇచ్చాడు.

సరే, ఎరగని మనిషి. పేరు ఓబుళేసు. పట్టుచీరలు నేస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఈ చుట్టుపట్ల పద్యనాటకమంటే రాజు వేషం ఇతనిదే. ఇతను రాగం ఎత్తుకుంటే పెట్రోమాక్స్ లైటు అదురుతుందని జనం చెప్పుకుంటారు. వన్స్ మోర్ అనిపించుకోకుండా స్టేజీ దిగిన నాటకం లేదు. పిల్లలు లేరు. పెళ్ళాం నాగలక్ష్మమ్మ. శిష్యుడొకడున్నాడు, హుస్సేన్ బాషా. దూదేకులవాళ్ళు, పరుపులు కుట్టే ఇల్లు. మీసం మొలవకముందు వచ్చి కాళ్ళ దగ్గర కూచున్నాడు, ఇప్పుడు పెళ్ళీడుకొచ్చాడు. వాడి నోట్లో పద్యం పెట్టింది నేనే.

ఇతనికి చెడ్డ అలవాట్లేమీ లేవు.

అందినది: ఏమీ లేదు.

ఏప్రిల్ 5

మాష్టారు నాటకం చదివి వినిపించాడు. పెద్ద వేషాలు రెండు. చెట్టు కింద కూచుని బుద్ధుడయ్యే సిద్ధార్థుడు ఒకటి. వాణ్ణి తపస్సులోంచి లేపెయ్యాలని వచ్చే మారుడు ఇంకొకటి. "పెద్దోనివి, నువ్వే ఎంచుకో అన్నా" అన్నాడు.

నేను ఊరికే ఎంచుకునే రకమా? కాగితాలు తీసుకుని తిరగేశాను. మారుడికి పద్యాలే పద్యాలు. బుద్ధుడికి అసలు ఘట్టంలో ఒక్కటీ లేదు. మారుడు అరుస్తుంటే కళ్ళు మూసుకుని కూచోవాలి. భూమిని సాక్ష్యం పిలిచినట్టు కుడిచెయ్యి నేలకు తాకించాలి. మారుడు ఓడి పడిపోతాడు. అంతా నిశ్శబ్దం. అప్పుడు కళ్ళు తెరిచి ఒకే ఒక పద్యం. నాటకమంతా ఆ పద్యం కోసమేనట.

"పద్యాలు లేకుండా కూచునేదానికి మనిషెందుకు సారూ? బొమ్మను పెట్టండి" అన్నాను. మారుడు నాకు. బుద్ధుడు బాషాకు. "వానికియ్యండి, కూచోవడమన్నా నేర్చుకుంటాడు" అని నేనే చెప్పాను. ఎంత పెద్ద మనసు కావాలి, శిష్యుడికి మొదటి వేషం వదిలిపెట్టడానికి!

హార్మోనియం వాయించే జమాల్ సాబ్ మాత్రం పెట్టె మూస్తూ, "ఏమప్పా ఓబుళేసూ, బాగా చూసుకొని ఎత్తుకుంటివా?" అన్నాడు. ఆయన మాటలు ఎప్పుడూ అట్లాగే ఉంటాయి.

అందినది: మారుడి వేషం.

ఏప్రిల్ 14

బాషాకు రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. ఈ ఎండల్లో! బావుల్లో నీళ్ళు అడుగంటి గిరకలు వట్టిగా కిర్రుమంటున్నాయి. పగలంతా గుక్కెడు నీళ్ళు లేకుండా సాయంత్రం రిహార్సలుకు వచ్చి కూచుంటాడు. నేను చెంబుడు మజ్జిగ తాగి పద్యం అందుకుంటాను. వాడు కళ్ళు మూసుకునే ఉంటాడు.

ఒక సంగతి గమనించాను. నేను గొంతు చించుకుంటుంటే అందరూ వాణ్ణి చూస్తున్నారు.

ఏప్రిల్ 15

రాయడానికేమీ లేదు.

ఏప్రిల్ 16

నాకు వాడంటే అసూయ లేదు.

ఏప్రిల్ 17

అసూయ లేదని నిన్న ఎందుకు రాశానో తెలియదు. ఎవరూ అడగలేదు గదా.

అందినది: నాగలక్ష్మమ్మ సంగటి పెట్టింది. అది రోజూ ఉండేదే.

ఏప్రిల్ 21

ఈరోజు రిహార్సల్లో మాష్టారు నన్ను ఆపాడు. నేను మారుణ్ణి రాక్షసుడిలాగా ఆడుతున్నానట.

"మారుడు యాడో అడవి నుంచి వచ్చేటోడు కాదన్నా. మన తలకాయలోనే కాపురముండాడు. నేను, నాది, నన్ను చూడండి, నన్నంటారా... ఈ మాటలు యాడ వినబడితే ఆడ వాడున్నట్టే."

"ఉంటే తన్ని తరమాల" అన్నాను.

"తరిమితే ఇంగా గట్టిగా వస్తాడు. మేపితే బలుస్తాడు. వచ్చినాడని చూసి, 'నువ్వా, వచ్చినావా' అంటే చాలు. వాని బలమంతా మనం గుర్తుపట్టనంతవరకే."

"ఒకతూరి ఓడిపోయినాక ఇంగ రాడు గదా?"

"యాల రాడు? బుద్ధుడైనాక గూడా ముసలితనం దాకా వస్తానే ఉండె."

"గెలిచినోని దగ్గరికి మళ్ళా యాల వచ్చేది?"

"అలవాటన్నా" అన్నాడు మాష్టారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఈ నాటకంలో సుజాత వేషం సుంకప్పది. నా పక్క మగ్గం సుంకప్పే, బొజ్జ వేసుకుని సుజాతగా పాయసం గిన్నె పట్టుకొస్తే చూడాలి! సిద్ధార్థుడు పాయసం తాగాక సుజాత గిన్నెను పక్కన బోర్లించి పోవాలి. ఖాళీ గిన్నె బోర్లించి ఉంటేనే, ఇంక దేని మీదా ఆశ లేదని జనానికి తెలుస్తుందట. ఆ గిన్నె గురించి మాష్టారు అంతసేపు చెప్పాడు. నా పద్యాల గురించి ఒక్క ముక్క లేదు.

ఏప్రిల్ 25

ఇవాళ గొడవ. "నా గొంతు, నా పద్యం, నా పేరు" అని నేనేదో అంటుంటే మాష్టారు పట్టుకున్నాడు. "చీరలో నుంచి పడుగు తీసెయ్యి. పేక తీసెయ్యి. జరీ తీసెయ్యి, రంగు తీసెయ్యి. ఇంగ చీర యాడుండాది?"

"చీర నా చేతిలో ఉండాది సారూ, నేసినోణ్ణి నేను."

"ఆ నేసినోడు యాడుండాడనే నేనడిగేది" అన్నాడు.

చిర్రెత్తుకొచ్చి ఇంటికొచ్చేశాను. నాగలక్ష్మమ్మ రాట్నం మీద కండెలు చుడుతోంది. జరిగింది చెప్పాను. న్యాయం చెబుతుందనుకున్నాను.

"సారు చెప్పింది నిజమే గదయ్యా. గొంతు మీ నాయనది. రాగం నీ గురువుది. పద్యం ఎవరో మహానుభావుడు రాసింది. కండెలు నేను చుడతా. సంగటి నేను గెలుకుతా. ఇంగ నీదేముండాది?" కొంచెంసేపు నా మొహం చూసింది. "ఆఁ, మీసముండాది. దానికీ నూనె నేనే పూస్తాండా."

కోపంతో కూచుందామనుకున్నాను. నవ్వొచ్చేసింది. ఈ మనిషితో ఇన్నేళ్ళు బతికానంటే నా అదృష్టమే.

అందినది: మీసానికి నూనె.

మే 2

బాషా వాళ్ళమ్మ దాదాబీ సంతలో కనబడింది. తలమీద దూది మూట దించకుండానే నిలబడి మాట్లాడింది.

"అన్నా, వాళ్ళ నాయన ఈ నాటకాలు ఇంగ చాలంటాండాడు. ముదిగుబ్బకు తానూ వస్తాడంట. ఈ ఆట బాగా నిలబడితే సరే, వాన్నట్లే ఆడుకోనిస్తాడంట. నగుబాటయితే బెంగుళూరులో పరుపుల అంగట్లో పనికి పంపిస్తాడంట. వాడు ఆడికి పోతే బతకడన్నా. పద్యం లేకుంటే వానికి పూట గడవదు. నీ చేతిలో పెట్టినా, చూసుకో."

"నేనుండా గదమ్మా" అన్నాను.

మాట ఇచ్చాను. నేను మాట తప్పే మనిషిని కాను.

మే 10

ఇది అంత పెద్ద విషయమేమీ కాదు. అయినా రాస్తున్నాను.

వన్స్ మోర్ అని జనం అరిస్తే పద్యం మళ్ళీ పాడాలి. అది స్టేజీ మర్యాద. చచ్చిపడిన వేషమైనా లేచి, పాడి, మళ్ళీ చావాలి. ఎవరూ తప్పు పట్టరు. నేను మారుడి ఆఖరి పద్యం పాడి పడిపోయాక జనం ఎట్లాగూ అరుస్తారు. ఒకవేళ ముదిగుబ్బ జనం బుద్ధుడంటే భక్తితో మొహమాటపడి ఊరుకుంటారేమోనని, సుంకప్పతో చెప్పాను. మన మగ్గాలవాళ్ళను ముందు వరసలో కూచోబెట్టమని. నేను పడగానే అందుకోమని. మూడుసార్లు చాలని.

సుంకప్ప మగ్గం మీద ఆడిస్తున్న నాడె పక్కన పెట్టి, "పడినోనివి నువ్వు లేస్తా ఉంటే బాషా పద్యం ఏం గావాల? నిశ్శబ్దముండాల గదా దానికి?" అన్నాడు.

"కూచోవడమే గదా వాని వేషం? కూచోనీ."

"వాళ్ళ నాయన వస్తాండాడంట."

"వస్తే మంచిదే. గురువు గొంతు వింటాడు."

సుంకప్ప మళ్ళీ నాడె అందుకున్నాడు.

ఇందులో బాషాకు నష్టమేముంది? కష్టాల్లో నిలబడితేనే నటుడు. ఇది కూడా ఒక పాఠమే.

అందినది:

మే 13

నిన్న వాళ్ళ పండుగ. బాషా కొత్త చొక్కా వేసుకుని గిన్నెడు సేమ్యా పాయసం తెచ్చాడు. నాకూ నాగలక్ష్మమ్మకూ కాళ్ళకు దండం పెట్టాడు. నా ముఖంలోకి కొంచెంసేపు చూశాడు, ఏమో చెప్పబోయినట్టు.

"ఇన్ని దినాలు దాహం ఎట్ల ఓర్చుకుంటివిరా?" అన్నాను.

"ఓర్చుకోలేదు అయ్యవారూ. వస్తాది. వచ్చిందని చూస్తా. పోతాది. మళ్ళా వస్తాది."

పాయసం రెండుసార్లు పెట్టించుకున్నాను. ఎంత రుచి! సుంకప్పకు ఆ అరుపులు వద్దని చెప్పేయాలి. రేపు చెబుతాను.

అందినది: పాయసం. మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

మే 14

చెప్పలేదు.

మే 18

సుంకప్ప కనబడలేదు. ఆయన మగ్గం నా మగ్గం పక్కనే.

మే 25

గొంతు పూర్తిగా పోయింది. రాత్రి జరిగిందంతా రాయాలి. ఇప్పుడు రాయకుంటే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను. నా సంగతి నాకిప్పుడు కొంచెం తెలుస్తోంది.

ముదిగుబ్బ మైదానం నిండిపోయింది. నల్లమాడ వైపునుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. గొర్రెలవాళ్ళు కంబళ్ళు పరుచుకుని కూచున్నారు. వేడిగాలి, దుమ్ము. స్టేజీకి ఎడమ పక్కన దాదాబీ, ఆమె వెనక చేతులు కట్టుకుని బాషా తండ్రి.

సుజాత ఘట్టానికి జనం పడి పడి నవ్వారు, సుంకప్ప బొజ్జ చూసి. ఆ తరువాత నా రాక. నల్లబట్టలు, కిరీటం. బాషా పసుపుపచ్చ గుడ్డ కట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. వాడి పక్కన గిన్నె బోర్లించి లేదు, వెల్లకిలా ఉంది. సుంకప్ప మరిచిపోయాడనుకున్నాను. అంతకు మించి దాన్ని పట్టించుకునే స్థితిలో లేను.

ఆఖరి పద్యం బాగా పలికింది. బాషా కుడిచెయ్యి నేలకు తాకించాడు. నేను కూలిపోయాను. మైదానమంతా నిశ్శబ్దం. ఎంత నిశ్శబ్దమంటే, లైటు బుస్సుమనడం వినబడింది. ఆ క్షణం అట్లాగే వదిలేసి ఉండవచ్చు.

"వన్స్ మోర్!"

ముందు వరసలోంచి. సుజాత చీరలోనే కూచుని ఉన్నాడు సుంకప్ప.

లేచాను. పాడాను. పడ్డాను. ఈసారి మావాళ్ళతో ఇంకొందరు కలిశారు. జనం గదా, ఒకరు అరిస్తే పదిమంది అరుస్తారు. మళ్ళీ లేచాను. జమాల్ సాబ్ హార్మోనియం మీదినుంచి తలెత్తకుండానే, "చాలప్పా, చాలు. పిల్లోని ముఖం చూడు" అన్నాడు. నేను శ్రుతి పెంచమని వేలితో సైగ చేశాను.

పై స్థాయిలో రాగం సాగదీస్తుండగా గొంతు పట్టేసింది. దుమ్మో, దాహమో. నోరు తెరుచుకునే ఉంది, శబ్దం లేదు. హార్మోనియం ఒక్కటే కొంచెం దూరం పోయి ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఇరవై ఏళ్ళలో నాకట్లా ఎప్పుడూ జరగలేదు. భూమి చీలి లోపలికి తీసుకుంటే బాగుండునని నాటకాల్లో ఎన్నిసార్లు అన్నానో. అది నిజంగా ఎట్లా ఉంటుందో రాత్రి తెలిసింది.

బాషా కళ్ళు తెరిచాడు. అక్కడ తెరవకూడదు. కుడిచెయ్యి నేలమీదినుంచి తియ్యలేదు. ఎడమచేత్తో గిన్నె అందుకుని నా వైపు చాచాడు.

"వచ్చినావా మారా" అన్నాడు. నాటకం భాష కాదు, మన ఇళ్ళలో మాట్లాడే మాట. "ఎంతసేపట్నించి అరుస్తాండావో. గొంతెండిపోయింటాది. ఇంద, నీళ్ళు తాగు. తాగి కూచో."

ఒకరిద్దరు నవ్వారు. ఇంతలో ఆడవాళ్ళ వైపునుంచి ఒక ముసలామె గొంతు, "తాగు నాయనా, తాగు" అంది. అంతే, నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్ళ కరువులో దాహం అంటే తెలియనివాళ్ళు ఆ మైదానంలో ఎవరున్నారు?

తాగాను. నా గుటకలు నాకే వినబడ్డాయి. తాగాక మళ్ళీ పడిపోవాలా, తెరలోకి పోవాలా తెలియలేదు. వాడి పక్కన కూచున్నాను. కిరీటం బరువనిపించి తీసి కింద పెట్టాను.

అప్పుడు వాడు తన పద్యం చెప్పాడు. నేను నేర్పిన గొంతే, నేను ఎన్నడూ పలకని పద్ధతిలో. చాలా నెమ్మదిగా. ముందు వరసలో ఎవడో "వన్స్..." అనబోతే పక్కవాళ్ళు వాడి నోరు మూశారు. తెర పడింది.

మాష్టారు తెరవెనక కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. బాషా తండ్రి లోపలికి వచ్చాడు. జమాల్ సాబ్ వైపు తిరిగి, "ఆడుకోనీ లే భాయ్" అన్నాడు. దాదాబీ నా దగ్గరికి వచ్చి, "మాట నిలబెట్టుకుంటివన్నా" అంది.

నాకు గొంతు లేదు కాబట్టి బతికిపోయాను.

అందినది: నీళ్ళు.

మే 26

నాగలక్ష్మమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. "మాట్లాడొద్దు" అంది. మాట్లాడకుండా ఉంటే ఇల్లు ఎంత బాగుందో. రాట్నం శబ్దం ఎప్పుడూ వినలేదు, ఇన్నేళ్ళూ నేను దాని మీదుగా పాడుతూనే ఉన్నాను.

అందినది: కషాయం. రాట్నం. ఇంకా ఏవేవో ఉన్నాయి, కాగితం చాలదు.

మే 28

పొద్దున సుంకప్ప వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఓబుళేసూ, ఒక మాట చెప్పేసి పోతా. కడుపులో నిలవడం లేదు. నువ్వు నాతో చెప్పిన మర్నాడే బాషాతో చెప్పేసినా."

నా చేతిలో నాడె ఆగిపోయింది. "ఏమన్న్యాడు?"

"మొగం ఎర్రగయిపోయింది. దూది ఏకుతాండినోడు లేసి బయటికి పోయి, మళ్ళా వచ్చినాడు. 'ఎన్నితూర్లు అరుస్తారు మామా?' అని అడిగినాడు. మూడన్న్యా. 'అరవండి మామా. అయ్యవారు అడిగినారు గదా. కానీ ఈ ఎండల్లో మూడోతూరికి ఆయన గొంతెండిపోతాది. నువ్వు ఆ గిన్నె బోర్లించొద్దు. పాయసం బదులు నిండా నీళ్ళు పోసి పెట్టు' అన్న్యాడు."

సుంకప్ప వెళ్ళిపోయాడు. నేను లెక్కవేసుకున్నాను. నేను సుంకప్పతో చెప్పింది పదో తేదీ. మర్నాడు బాషాకు తెలిసింది. ఆ మర్నాడు పండుగ.

అంటే పాయసం తెచ్చేనాటికే వాడికి తెలుసు. తెలిసే కాళ్ళకు దండం పెట్టాడు. నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

మగ్గం గుంటలో కూచునే, నేత మీద తల పెట్టి ఏడ్చాను. నాగలక్ష్మమ్మ చూసింది. వచ్చి పక్కన కూచుంది.

మే 29

బాషా వాళ్ళింటికి వెళ్ళాను. విల్లుతో దూది ఏకుతున్నాడు, ఒళ్ళంతా దూదే. నన్ను చూసి లేచాడు. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. పద్యాలు ఇన్ని వచ్చిన నోటికి ఆ మాట ఒక్కటి రాలేదు. చివరికి, "నీకు కోపం రాలేదారా?" అన్నాను.

"ఎందుకు రాలేదు అయ్యవారూ? శానా వచ్చింది. అన్నం మీదికి బుద్ధి పోలేదు." నవ్వాడు. "ఉపవాసం కాబట్టి మాయమ్మకు తెలీలేదు."

"మరి?"

"మాష్టారు చెప్పినట్ల, వచ్చినావా, కూచో అన్న్యా. అది కూచుంటే దాని పక్కన ఇంకోటి వచ్చి కూచునింది. నా మొదటి నాటకం, ఆ ముదిగుబ్బలోనే. నేను మంత్రి, మీరు రాజు. పద్యం మరిచిపోయి నేను కొయ్యబారిపోతే మీరేం చేస్తిరి? 'మంత్రీ, దప్పిగొన్నట్టున్నావు' అని సింహాసనం దిగొచ్చి చెంబుతో నీళ్ళిస్తిరి. నేను తాగేలోపల చెవిలో పద్యం అందిస్తిరి. జనానికి తెలియనే లేదు. ఆ పొద్దు మీరు ఊరుకునింటే నేను మళ్ళా స్టేజీ ఎక్కేవాణ్ణి గాదు."

నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నాకొచ్చిన వన్స్ మోర్లు ఏ ఊళ్ళో ఏ పద్యానికి వచ్చాయో అన్నీ చెప్పగలను. ఆ చెంబుడు నీళ్ళు మాత్రం నాలో ఎక్కడా లేవు. వాడి దగ్గర పదేళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"నేను చేసింది తప్పురా" అన్నాను.

"కూచోండి అయ్యవారూ" అన్నాడు. దూదిలోనే కూచున్నాను. దాదాబీ టీ తెచ్చింది. ఆమెకు ఏమీ తెలియదు. నేను చెప్పబోతే బాషా వద్దని కళ్ళతో సైగ చేశాడు. రేపో ఎల్లుండో నేనే చెబుతాను. ఈ "రేపు" సుంకప్పకు చెబుతానన్న ఆ రేపు లాంటిది కాకూడదు.

మే 30

దాదాబీకి చెప్పాను. ఆమె "నువ్వు గూడా మనిషివే గదన్నా" అంది. తరువాత, "ఇంగోతూరి చేస్తే చీపురు తీసుకుంటా" అంది. రెండూ ఉంచుకుంటాను.

జూన్ 3

కదిరినుంచి వచ్చిన వ్యాపారి చీరలు చూడకుండా బాషా గురించే మాట్లాడాడు. మరి మారుడి పద్యమో అని అడగబోయాను.

వచ్చినావా. కూచో.

జూన్ 4

మారుడు మళ్ళీ వచ్చాడు. ఈసారి చీరల ధర గురించి వచ్చినట్టు వేషం కట్టి వచ్చాడు. గుర్తుపట్టడానికి పొద్దుగూకింది.

జూన్ 12

నాటకం అయిపోయింది గదా, ఇంకా ఎందుకు రాస్తున్నావని నాగలక్ష్మమ్మ అడిగింది. అందిన వాటిని రాసుకోవాలంటే ఎక్కడ ఆపాలో తెలియడం లేదన్నాను. ఈరోజు కూచుని లెక్క చూసుకున్నాను: రాగం ఇచ్చిన గురువు, గొంతు ఇచ్చిన నాయన, పట్టుపోగు తీసినవాళ్ళు, రంగులద్దినవాళ్ళు, ఎండలో బండ్లు కట్టుకుని వచ్చి కూచున్న జనం. ఇందరు కలిస్తే ఓబుళేసు. ఇంతకాలం ఒక్కణ్ణే మోస్తున్నాననుకుని అలిసిపోయాను. వాళ్ళే నన్ను మోస్తున్నారు. మాష్టారికి ఈ ముక్క చెబితే పొంగిపోతాడు. చెప్పను, చెబితే అది నా ముక్క అయిపోతుంది.

ఇంకా చినుకు పడలేదు.

జూన్ 24

నిన్న కుందుర్పిలో ఆడాం. మాష్టారు నీళ్ళ ఘట్టాన్ని నాటకంలోనే రాసేశాడు. మారుడు ఒక్కసారే పాడి పడతాడు, బుద్ధుడు గిన్నె చాస్తాడు.

నాకక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. గొంతు మళ్ళీ కుదిరింది. నిజం చెప్పాలంటే ముదిగుబ్బకంటే బాగా పలికింది. పడ్డాను. బాషా గిన్నె ఇచ్చాడు. వాడి పక్కన కూచుని నోటి దగ్గర పెట్టుకున్నాను.

అప్పుడు చీకట్లో ఎక్కడో చివరనుంచి, "వన్స్ మోర్!" ఇంకొకరు. తరువాత మైదానమంతా. సుంకప్ప కాదు, మగ్గాలవాళ్ళు కాదు. ఎవరూ చెప్పని, నిజమైన వన్స్ మోర్. ఈ పద్యానికి, ఈ గొంతుకు.

మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. లేవాలని ఎంత ఉండిందో ఇక్కడ రాసుకోకపోతే అబద్ధమవుతుంది. బాషా కళ్ళు తెరిచి నన్ను చూశాడు. లెమ్మనీ లేదు, వద్దనీ లేదు ఆ చూపులో. నేను లేస్తే ఆగుదామన్నట్టు ఊరికే చూశాడు.

నేను గిన్నె దించలేదు. జనం అరిచారు, అరిచారు, ఆగిపోయారు. బాషా తన పద్యం అందుకున్నాడు.

పొద్దున ఇంటికి చేరేసరికి నాకంటే ముందే కబురు చేరింది. నాగలక్ష్మమ్మ కాళ్ళకు నీళ్ళిస్తూ అడిగింది.

"ఊరంతా వన్స్ మోర్ అన్న్యారంట. నువ్వు లేయలేదంట?"

"లేయలేదు."

"యాల?"

"నీళ్ళు తాగుతాంటి" అన్నాను.